ఇబ్బందులుంటే వివరించండి

జనవరి 11

ఉడుతకి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు కులాసాగానే ఉంటావని నాకు తెలుసు. నీకేం, ఇరవై ఆరేళ్ళకే తెల్లకోటు వేసుకుని, యూనివర్సిటీలో విత్తనాలు మొలిచాయో లేదో లెక్కపెట్టే హోదాకి చేరావు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు ఊపిరి తీసుకోకుండా మాట్లాడతావు, నాకు సగమే ఎక్కుతుంది. ఈ విషయం నాకు కాగితం మీద కావాలి. కింద గీత గీసుకోవాలి, అర్థం కాని చోట పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టుకోవాలి. పైగా ఫోన్లో మాట్లాడితే మీ బాబాయి వింటాడు. మేముండేది లాండ్రీ పైన రెండు గదులు. ఇక్కడ రహస్యం అంటే ఉత్తరం ఒక్కటే.

సంగతేమిటంటే, వినపడని పిల్లల బడిలో ఇరవై ఏళ్ళుగా చేతులతో పాఠాలు చెబుతున్నాను కదా, ఆ చేతుల భాష మీదే మీ యూనివర్సిటీలో రెండేళ్ళ ఎం.ఏ. పెట్టారట. మా స్టాఫ్ రూములో ప్రకటన అంటించారు. అందరూ దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటే నేను చదివాను.

నవ్వకు. మొన్న మా రెండో తరగతి పిల్ల ఒకతె, "నిన్న అనడానికి చెయ్యి వెనక్కి ఎందుకు పోవాలి, రేపు అనడానికి ముందుకి ఎందుకు రావాలి?" అని అడిగింది. "అదంతే" అని సైగ చేశాను. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. ఇరవై ఏళ్ళుగా అందరికీ "అదంతే" అనే చెబుతున్నాను, ఉడుతా. నాకూ తెలుసుకోవాలని ఉంది. నలభై నాలుగేళ్ళకి బుద్ధి వికసించింది అనుకో.

అప్లికేషన్ ఆరు పేజీలు. మొదటి మూడూ దడదడా నింపేశాను. నాలుగో పేజీలో డబ్బు గురించి అయిదు మాటలున్నాయి: వేవర్, గ్రాంట్, స్కాలర్‌షిప్, ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్. అయిదూ ఒకే మనిషికి అయిదు ముద్దుపేర్లలా కనిపిస్తున్నాయి. మా ఇద్దరి జీతాలతో రెండేళ్ళ ఫీజూ హాస్టలూ కలలో మాట. అందుకని ఆ అయిదుగురూ ఎవరో, ఎవరిని పలకరించాలో చెప్పు.

మీ అమ్మకి చెప్పకు. మా అక్కకి చెబితే పేపర్లో వేసినట్టే.

నీ పిన్ని

జనవరి 20

పిన్నీ,

నవ్వలేదు. ల్యాబులో గంతులేశాను. మా అటెండరు తాత విత్తనాల ట్రే గట్టిగా పట్టుకుని, "ఏమైందమ్మా, మొలిచాయా?" అన్నాడు.

పెన్సిలు తీసుకో. వేవర్ అంటే మాఫీ. డబ్బు నీ చేతికి రాదు, నీ దగ్గర ఫీజు అడగరు, అంతే. స్కాలర్‌షిప్ నీ మార్కులూ నీ పనితనమూ చూసి ఇచ్చేది. గ్రాంట్ నీ ఇబ్బంది చూసి ఇచ్చేది. ఈ రెండూ తిరిగి కట్టక్కర్లేదు, కింద గీత గీసుకో. ఫెలోషిప్ అంటే, "నువ్వు చదువుకో చాలు, నెలనెలా మేం చూసుకుంటాం" అనడం. అది మహారాజయోగం, చాలా కొద్దిమందికే, ఎక్కువగా రిసెర్చి వాళ్ళకే. నీకు అసలు సరిపోయేది అసిస్టెంట్‌షిప్. వారానికి ఇరవై గంటలు డిపార్ట్‌మెంటుకి పని చేస్తావు, వాళ్ళు నెలనెలా డబ్బిస్తారు, చాలాసార్లు ఫీజు కూడా మాఫీ చేస్తారు. ఇవన్నీ అయ్యాక కూడా లోటు మిగిలితే చదువు అప్పు. అది వడ్డీతో తిరిగి కట్టాల్సిందే, కాబట్టి అందరికంటే చివర దాని తలుపు తట్టాలి. ఒకటి వస్తే ఇంకొకటి రాదనుకోకు. కొంచెం ఇక్కడ, కొంచెం అక్కడ కలిపి అతుకుల దుప్పటిలా కుట్టుకోవాలి. అందరం అలాగే చదువుతున్నాం.

నేనూ అసిస్టెంట్‌నే. మా ప్రొఫెసర్ గారి దగ్గర. పొద్దున్నే వెళ్ళి గిన్నెలు కడుగుతాను, తుడిచి ఆరబెడతాను, ఆయన చెప్పిన పని చేస్తాను, నెల తిరిగేసరికి జీతం ఇస్తారు. హాయిగా గడిచిపోతోంది.

గడువు ఫిబ్రవరి ఆఖరు. నీ పని తెలిసినవాళ్ళ సిఫార్సు ఉత్తరాలు మూడు కావాలి, అందులో ఒకటి మీ ప్రిన్సిపాల్‌ది అయితే మంచిది. గ్రాంట్ కోసం విడిగా ఒక ఆర్థిక వివరాల ఫారం ఉంటుంది. అది జాగ్రత్తగా నింపు.

నీ ఉడుత

ఫిబ్రవరి 2

ఉడుతకి,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. అయిదు మాటలూ బాగా అర్థమయ్యాయి. అర్థం కానిది ఒక్కటే. పరిశోధన అని చెప్పి వెళ్ళిన పిల్ల ప్రొఫెసర్ ఇంట్లో గిన్నెలు కడగడమేమిటి? పైగా "హాయిగా గడిచిపోతోంది" అట. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, మోకాలు చీరుకుపోయినా "ఏం లేదు" అనేదానివి.

ఆపుకోలేక మీ అమ్మకి చెప్పేశాను. నా సంగతి చెప్పలేదు, నీ సంగతే చెప్పాను. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మీ నాన్న లిఫ్టు రిపేరు చేసే పెట్టె గోడకి ఆనించి, సెలవుచీటీ రాశాడు. ఈపాటికి బయల్దేరి ఉంటాడు.

ఇక నా విషయం. రెండు సిఫార్సు ఉత్తరాలు వచ్చాయి. మా ప్రిన్సిపాల్ గారు మాత్రం "చూద్దాం, చూద్దాం" అంటున్నారు. నేను గదిలోకి వెళితే ఆవిడకి అప్పుడే ఫైళ్ళు గుర్తొస్తాయి. నేను చదువుకుంటే ఆవిడకేం నష్టమో. ఇన్నేళ్ళు చేసిన చాకిరీకి ఇదన్నమాట మర్యాద.

ఆర్థిక వివరాల ఫారం మాత్రం బ్రహ్మాండంగా నింపి పంపేశాను. మన ఇంటి పరువు ఎక్కడా తగ్గనివ్వలేదు. చూస్తే నువ్వు గర్వపడతావు.

దిగులుతో,
పిన్ని

ఫిబ్రవరి 14

పిన్నీ,

గాజు గిన్నెలు. చేతివెడల్పు ఉండే గాజు గిన్నెలు. వాటిలో తడి కాగితం పరిచి విత్తనాలు మొలిపిస్తాం. రోజుకి రెండొందలు కడుగుతాను. ప్రొఫెసర్ గారి ఇల్లు ఎక్కడుందో కూడా నాకు తెలియదు.

నాన్న రానే వచ్చాడు. ఖాళీ సూట్‌కేసుతో, నా సామాను సర్దడానికి. నేను క్లాసులో ఉండగా తిన్నగా ప్రొఫెసర్ గారి గదికి వెళ్ళి, "మా అమ్మాయి మీ దగ్గర ఎన్ని గిన్నెలు కడుగుతుందండీ?" అని అడిగాడట. ఆయన పాపం మర్యాదస్థుడు. "సుమారు రెండొందలు" అన్నాడట. నాన్న కూలబడ్డాడు. నేను వెళ్ళేసరికి అటెండరు తాత ఆయనకి మంచినీళ్ళిస్తున్నాడు. ల్యాబంతా తిప్పి చూపించాక శాంతించాడు. వెళ్ళేముందు లిఫ్టు తలుపు కిర్రుమంటోందని దాన్ని బాగుచేసి మరీ వెళ్ళాడు. నాకు చెప్పకుండా ప్రొఫెసర్ గారితో అయిదు నిమిషాలు ఏదో మాట్లాడాడు. ఏం మాట్లాడావంటే, "పెద్దవాళ్ళ మాటలు" అన్నాడు.

అది సరే. నువ్వు ఆ ఫారంలో ఏం రాశావు? "బ్రహ్మాండంగా" అన్న మాట నాకు నచ్చలేదు. నకలు ఉంటే పంపు.

ఉడుత

ఫిబ్రవరి 25

ఉడుతకి,

ముందు క్షమాపణ. గాజు అన్న మాట ఒక్కటి నువ్వు రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. అయినా తప్పు నాదే.

ప్రిన్సిపాల్ గారు ఉత్తరం ఇచ్చారు, గడువుకి మూడు రోజుల ముందు. కవరు అంటించి, దాని మీద టేపు వేసి, టేపు మీద సంతకం పెట్టారు. లోపల నా గురించి ఏం రాశారో గానీ నా మొహం చూడకుండానే చేతిలో పెట్టారు. మంచి రాస్తే అంత టేపు ఎందుకు?

నువ్వడిగిన నకలు ఇదిగో. పెన్సిలు చిత్తుప్రతి దాచాను.

కుటుంబానికి వాహనం ఉందా? ఉంది. ఎన్ని సీట్లది? పద్దెనిమిది.

(మీ బాబాయి నడిపేది బడి వ్యానే అనుకో. కానీ రోజూ మన లాండ్రీ ముందే కదా ఆగుతుంది. "లేదు" అని రాయబుద్ధి కాలేదు.)

నివాసం: మూడంతస్తుల భవనం. ఇతర ఆదాయం: అడగకుండానే ఆదుకునే బంధువులు ఉన్నారు. చదువుకు డబ్బు ఎలా సమకూర్చుకుంటారు? ఎలాగోలా సమకూరుతుంది, తమరు చింతించనవసరం లేదు. ఆర్థిక ఇబ్బందులుంటే వివరించండి: ఏమీ లేవు, అందరం ఆరోగ్యంగా ఉన్నాం.

ఆ చివరి గడికి అరపేజీ ఖాళీ వదిలారు. నాలుగు మాటల్లో ముగించాను. చేతిరాత కూడా బాగా కుదిరింది.

పిన్ని

మార్చి 30

పిన్నీ,

కుర్చీలో ఉన్నావా? ముందు మంచి కబురు. నీకు సీటొచ్చింది. నలభై మందిలో పన్నెండు మందిని తీసుకున్నారు, వాళ్ళలో నువ్వు రెండోదానివి. అసిస్టెంట్‌షిప్ సంగతి మేలో ఇంటర్వ్యూ చేసి తేలుస్తారు.

రెండో కబురు. గ్రాంట్ రాలేదు. "దరఖాస్తుదారు స్థితిమంతురాలు" అని రాశారు.

నేను ఆ ఆఫీసుకి వెళ్ళాను. కళ్ళజోడు మెడలో వేలాడేసుకున్న ఒక పెద్దాయన ఫైలు తీసి, నా ముందే చదివాడు. "పద్దెనిమిది సీట్ల వాహనం, మూడంతస్తుల భవనం. ఈవిడకి మేమివ్వడం కాదు, ఆవిడే మాకివ్వాలి" అన్నాడు. నేను నిజం చెబితే ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, నవ్వు ఆపుకోలేక బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. తర్వాత నెమ్మదిగా ఒక మాట చెప్పాడు. "ఏడాదికి పాతికమంది ఇలాగే రాస్తారమ్మా. ఇబ్బంది లేనివాళ్ళు మూడు పేజీలు రాస్తారు, ఉన్నవాళ్ళు ఏమీ లేవని రాస్తారు. ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోమను. కాగితాలు జతచేయమను."

కోపం తెచ్చుకోకు. అది పెళ్ళిచూపుల ఫారం కాదు పిన్నీ. డాక్టరు దగ్గరికి వెళ్ళి నొప్పి లేదంటే మందెలా ఇస్తాడు? అడగడం చెయ్యి చాపడం కాదు. ఆ నిధి నీలాంటివాళ్ళ కోసమే పక్కన పెట్టారు. నువ్వు అడక్కపోతే అది మూడు పేజీలు రాసినవాళ్ళకి పోతుంది. ఉన్నది ఉన్నట్టు రాయి. బాబాయికి కూడా చెప్పు.

ఉడుత

ఏప్రిల్ 9

ఉడుతకి,

కోపం వచ్చింది. నాలుగు రోజులుంది, పోయింది. నా వేలు పట్టుకుని రోడ్డు దాటిన పిల్ల నాకు బుద్ధి చెబుతోందా అనుకున్నాను. తర్వాత ఇంకోటి గుర్తొచ్చి మెత్తబడ్డాను. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఎం.ఏ.లో సీటొచ్చింది. చరిత్రలో. ఫీజు కాగితం చూశాను. మా నాన్న పనిచేసే కర్మాగారం మూతపడిన ఏడాది అది. ఇంట్లో ఆ కాగితం చూపించకుండా చించేసి, "నాకు చరిత్ర నచ్చదు" అని అందరికీ చెప్పాను. ఆ కాగితం వెనకవైపు ఏదో చిన్న అక్షరాలతో ఉంది. ఫీజు సాయం ఫారం కోసం ఫలానా గదిలో అడగండి అని. నాకు కనిపించింది ఉడుతా. అడగడానికి సిగ్గేసి, కనిపించనట్టు ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ ఎవరైనా చరిత్ర గురించి మాట్లాడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను, నచ్చని మనిషిలా.

మీ బాబాయికి అంతా చెప్పాను. ఆయనకి జనవరి నుంచే తెలుసట. "పెన్సిలు ముక్కతో రాత్రీపగలూ గీతలు గీస్తుంటే ప్రేమలేఖలనుకుంటానా?" అన్నాడు. వ్యాను గురించి రాసింది చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత లేచి చొక్కా మార్చుకుని బడికి వెళ్ళి, ఆ వ్యాను బడిదేనని, తను డ్రైవరు మాత్రమేనని ఆఫీసు ముద్రతో కాగితం పట్టుకొచ్చాడు. "నేను వ్యాను ఓనరుని కానని రుజువు చేసుకోవాల్సి వస్తుందనుకోలేదు" అన్నాడు.

అప్పీలు పంపాను. ఇద్దరి జీతాలు, ఇంటద్దె రసీదు, మా అత్తగారి మందుల చీటీలు, అన్నీ జతచేశాను. ఇబ్బందుల గడిలో ఇలా రాశాను: "క్రితంసారి నేను ఏమీ లేవని రాసింది అబద్ధం. ఇబ్బందులున్నాయి. వాటిని చెప్పుకోవడం నాకు చేతకాక అలా రాశాను. జీతాలు నెలకి సరిపోతాయి, చదువుకి సరిపోవు. ఒకసారి ఇదే కారణంగా, ఎవరినీ అడక్కుండా చదువు మానేశాను. ఈసారి అడుగుతున్నాను."

రాశాక గంటసేపు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఏడుపొస్తుందనుకున్నాను. ఆకలేసింది.

పిన్ని

మే 5

పిన్నీ,

నీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచాను.

ఇంటర్వ్యూ మే 18, పొద్దున పదింటికి. ముందురోజు సాయంత్రానికి వచ్చెయ్యి. నా గదికి రంగులు వేస్తున్నారు, అందుకని గెస్ట్ హౌసులో నీకు మంచం చెప్పాను. సాయంత్రం కలిసి భోంచేద్దాం. పొద్దున మాత్రం నేను రాలేను, ల్యాబులో బోలెడు పని.

ఇక్కడంతా మామూలే. మొలకలు మొలుస్తున్నాయి.

ఉడుత

మే 22

ఉడుతకి,

క్షేమంగా ఇల్లు చేరాను. ముందు ఇంటర్వ్యూ సంగతి చెబుతాను, తర్వాత నీ సంగతికొస్తాను.

ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆవిడ, "మీరు మా విద్యార్థులకి ఏం నేర్పగలరు?" అంది. మాటల్లో చెప్పడం నాకు రాదు, చేసి చూపిస్తానన్నాను. బల్ల మీద బిస్కెట్ల ప్లేటుంది. పది నిమిషాలయ్యేసరికి ముగ్గురు ప్రొఫెసర్లూ నోరు విప్పకుండా, ఆఖరి బిస్కెట్టు ఎవరిదని చేతులతో పోట్లాడుకుంటున్నారు. మధ్యలో ఆవిడే గెలిచింది.

తర్వాత ఆవిడ టేపు వేసిన కవరు తీసి ఒక వాక్యం చదివింది. మా ప్రిన్సిపాల్ గారు ఏం రాశారో తెలుసా? "ఈ ఉత్తరం రాయడానికి నేను నాలుగు వారాలు ఆలస్యం చేశాను. కారణం స్వార్థం. ఈవిడ వెళ్ళిపోతే మా బడి ఏమవుతుందో నాకు తెలియదు."  ఇన్నాళ్ళూ ఆవిడని మనసులో ఎన్ని తిట్టానో.

ఇక నీ సంగతి. మధ్యాహ్నం బస్సుకి టైముంది కదా, నీ మొలకలు చూద్దామని చెప్పకుండా ల్యాబుకి వెళ్ళాను. మీ అటెండరు తాత తలుపు తీశాడు. "ఆ అమ్మాయి ఇప్పుడు సాయంత్రాలే వస్తుందండీ. పగలు బేకరీలో కదా. తనకి జీతం వచ్చే ప్రాజెక్టు డబ్బులు ఆగిపోయి మూడు నెలలైంది" అన్నాడు. నీ గదికి రంగులు కాదట, గదే ఖాళీ చేశావట. ఇద్దరు స్నేహితురాళ్ళ గదిలో నేల మీద పడుకుంటున్నావట.

బేకరీకి వచ్చాను. అద్దంలోంచి చూశాను. నెత్తిన కాగితం టోపీ, మోచేతిదాకా పిండి, బరువైన ట్రే ఎత్తి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నావు. లోపలికి రాలేదు. వస్తే నువ్వు ఇంకో అబద్ధం చెప్పేదానివి, నీ నోటితో అది వినడం నాకిష్టం లేదు. బేకరీ పనికి నేను సిగ్గుపడ్డానని అనుకోకు. మంచి పనే. కానీ నువ్వు ఆ ఊరు వెళ్ళింది దానికి కాదు.

అక్కణ్ణించి కళ్ళజోడు సారు దగ్గరికి వెళ్ళాను. "పద్దెనిమిది సీట్లు నావేనండీ" అంటే లేచి కుర్చీ వేశాడు. చదువు మధ్యలో డబ్బు ఆగిపోయినవాళ్ళకి అత్యవసర నిధి ఒకటుందట, ఆరు నెలలకి ఇస్తారట. ఫారం తెచ్చాను. నాకు తెలిసినంత మటుకు అన్ని గడులూ పెన్సిలుతో నింపి దీనితో పంపుతున్నాను. ఇబ్బందుల గడి ఖాళీగా వదిలాను. అది నువ్వు రాయాలి. సంతకం నువ్వు పెట్టాలి.

నాకు అంత చక్కగా పాఠం చెప్పిన పిల్లవి. ఏం రాస్తావో చూస్తాను.

పిన్ని

జూన్ 12

పిన్నీ,

నీ ఉత్తరం పిండి చేతులతోనే విప్పాను. మరకలు చూసి ఏమీ అనుకోకు.

నీకు ఉపన్యాసం రాసిన మార్చి ముప్ఫై నాడు నేను బేకరీలో చేరి నాలుగు వారాలైంది. రాస్తున్నంతసేపూ ఇది నాకే చెప్పుకోవాలని తెలుసు. నాన్నకి తెలిస్తే ఈసారి సూట్‌కేసు ఖాళీగా వెనక్కి వెళ్ళదని భయపడ్డాను. ప్రొఫెసర్ గారిని అడుగుదామంటే, ప్రాజెక్టు ఆగాక ఆయన దగ్గర మిగిలిన ఒక్క పోస్టూ ఇంకొకరికి ఇచ్చేశారు. నా పని నచ్చలేదేమోనని అనుకున్నాను. అలా అనుకుని, అడక్కుండా మూడు నెలలు ఆయన మొహం తప్పించుకు తిరిగాను.

నువ్వు పంపిన ఫారంలో ఆ గడి నింపాను. దాని మీద ప్రొఫెసర్ గారి సంతకం కూడా కావాలట. తప్పదని వెళ్ళాను. ఆయన చదివి, కాగితం కింద పెట్టి, "మరి మీ నాన్నగారు అలా అన్నారేమిటి?" అన్నారు. ఆ రోజు పెద్దవాళ్ళ మాటలు అన్నాడే, అవేమిటో ఇప్పుడు తెలిసింది. "మా పిల్లకి ఏ లోటూ లేదండీ. మీరిచ్చే జీతం మాకు లెక్కలోది కాదు, ఎవరైనా లేనివాళ్ళకి ఇవ్వండి" అన్నాడట నాన్న. ప్రొఫెసర్ గారు అక్షరాలా అదే చేశారు.

 ముందు ఆయనకి నవ్వొచ్చింది, తర్వాత నాకూ వచ్చింది. "మీ కుటుంబంలో ఇది వంశపారంపర్యమా?" అన్నారు. మా పిన్ని వ్యాను గురించి చెప్పాను. ఆయన మళ్ళీ నవ్వారు.

అత్యవసర నిధి మంజూరైంది. అది కాక సెప్టెంబరు నుంచి ఆయన విత్తన కేంద్రంలో నాకు ఏడాది అసిస్టెంట్‌షిప్ ఇస్తున్నారు. అది కొండల్లో వేరే ఊరు, ఇక్కడికి బస్సులో ఆరు గంటలు. నువ్వు ఇక్కడికొచ్చేసరికి నేను అక్కడ ఉంటాను. అదొక్కటే బాధ.

నాన్నకి అంతా రాశాను. జవాబు ఒక వాక్యం వచ్చింది. "లిఫ్టు సరిగ్గా పనిచేస్తోందా?" దాని కింద కొంచెం చోటు వదిలి, "ఇకనుంచి మీ సార్లతో నువ్వే మాట్లాడుకో" అని.

ఉడుత

జులై 16

ఉడుతకి,

వచ్చాయి. ఫీజు మొత్తం మాఫీ. వారానికి ఇరవై గంటల అసిస్టెంట్‌షిప్, మొదటి ఏడాది డిగ్రీ పిల్లలకి చేతుల భాష నేర్పాలి. అప్పీలు మీద హాస్టలు గ్రాంట్. అంతా కలిపినా రెండో ఏడాది పుస్తకాలకి కొంచెం తగ్గుతోంది. చదువు అప్పు తీసుకోమని బ్యాంకువాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. అది చివరి తలుపు అని మా మేనేజరు చెప్పిందన్నాను. మేనేజరు ఎవరన్నారు. నీ పేరు చెప్పాను.

ప్రిన్సిపాల్ గారు రెండేళ్ళు సెలవిచ్చారు, జీతం లేకుండా, ఉద్యోగం మాత్రం నాదే. నిజానికి బడి యాజమాన్యం జీతంతో సెలవు ఇస్తామని కూడా కబురంపింది. కానీ తిరిగొచ్చాక ఏడేళ్ళు ఎక్కడికీ వెళ్ళనని రాసివ్వాలట. ప్రిన్సిపాల్ గారే నన్ను పక్కకి పిలిచి, "సంతకం పెట్టకు. రావాలనిపిస్తే నీ అంతట నువ్వే వస్తావు, నాకు ఆ నమ్మకం చాలు" అన్నారు. ఆవిడ బల్ల మీద టేపు చుట్ట కనిపించింది. ఆవిడ చేతులు పట్టుకున్నాను.

మీ బాబాయి వంట నేర్చుకుంటున్నాడు. మొన్న సూప్ చేశాడు. ఆ వాసనకి లాండ్రీ వాళ్ళు పైకొచ్చి, మురుగు పైపేమైనా పగిలిందా అని అడిగి వెళ్ళారు.

పిన్ని

సెప్టెంబర్ 9

ఉడుతకి,

నీ విత్తన కేంద్రంలో చలి ఎలా ఉంది? స్వెట్టరు ఉందా? "ఉంది" అని ఊరికే రాయకు.

హాస్టల్లో నా గది పక్కన ఉన్న అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. మొదటిరోజు నన్ను చూసి వార్డెన్ అనుకుని కంగారుగా పెద్ద స్పీకరు మంచం కింద దాచింది. ఇప్పుడు ఆ స్పీకరు నా గదిలోనే ఉంది, అందరం ఇక్కడే చేరుతున్నాం. చదవాల్సింది మాత్రం కొండంత ఉంది. ఒక పేరా మూడుసార్లు చదివితే గానీ లోపలికి వెళ్ళడం లేదు. నాలుగోసారి వెళితే ఇక బయటికి రావడం లేదు.

సోమవారం నా మొదటి క్లాసు. ముప్ఫైమంది. గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు, వాళ్ళని మాట్లాడనివ్వలేదు. ఆఖరికి ఒకమ్మాయి చెయ్యెత్తి, నిన్న అనడానికి చెయ్యి వెనక్కి ఎందుకని సైగతోనే అడిగింది. మనం నడిచొచ్చిన దారి వీపు వెనక ఉంటుంది కాబట్టి, కాలం కూడా అలాగే అని చాలామంది తలుస్తారు, కానీ ముందున్నది గడిచిపోయిందే అనుకునే భాషలు కూడా ఉన్నాయట, ఇంకా పూర్తిగా చదవలేదు, వచ్చే సోమవారం చెబుతాను అని బోర్డు మీద రాశాను. మా రెండో తరగతి పిల్లకి కూడా అదే రాసి పంపాను. "తెలియదు, కనుక్కుంటున్నాను" అనడం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

నిన్న మొదటిసారి పెద్ద లైబ్రరీకి వెళ్ళాను. గుమ్మం దగ్గర కాపలాదారు నన్ను ఆపాడు. పాపం మంచివాడే. కుర్చీలోంచి లేచి, "కూర్చోండమ్మా, లోపలికి పిల్లల్నే పంపుతాం. ఎవరి కోసం వచ్చారు, పిలిపిస్తాను" అన్నాడు.

సంచిలోంచి కార్డు తీసి చూపించాను.

"నా కోసమే వచ్చానండీ" అన్నాను.

ఆయన కార్డు చూశాడు, నన్ను చూశాడు, తలుపు తీసి పట్టుకున్నాడు.

ఉంటాను మరి. ఎనిమిదింటికి క్లాసు.

నీ పిన్ని